చేప ముట్టని కుక్క

బందరు గిలకలదిండి రేవులో గంగాదేవి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కుక్కల గంగమ్మ ఇల్లు అనండి, వేలెత్తి చూపిస్తారు. కాకపోతే మూతి నాలుగు వంకర్లు తిప్పి మరీ చూపిస్తారు. తిప్పరూ మరి? ఇసుక మీద చేపలు ఎండబెట్టుకుని బతికే చోట కుక్కంటే దొంగ కిందే లెక్క. అలాంటి రేవులో ఈవిడ గుమ్మం ముందు ఎప్పుడు చూసినా మూడుకి తగ్గకుండా కుక్కలు. ఒకటి మూడుకాళ్లది, ఒకటి ఒంటికంటిది, ఇంకోటి గజ్జి పట్టి బొచ్చంతా ఊడిపోయింది.

రేవు జనం చెడ్డవాళ్లని అనను. అందరూ పిల్లలు గలవాళ్లే. కానీ కుక్కపిల్ల చేప మీద మూతి పెట్టిందంటే వాళ్లకి పూనకం వస్తుంది. మరిగే గంజి పోస్తారు, తెడ్డుతో నడుం విరగ్గొడతారు. మరీ జాలిగుండె వాళ్లయితే గోనెసంచిలో వేసి మూతి కట్టి పాయలో వదిలేసి, పాపం అని నిట్టూర్చి ఇంటికెళ్లి భోంచేస్తారు. గంగాదేవి కూడా ఆ రేవు మనిషే, ఎండుచేపలమ్ముకునే మనిషే. ఆ జాతరంతా చూసి చూసి, దెబ్బలు తిన్న కుక్కల్ని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. బాగుచేసి, ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చేసేది. ఆరేళ్లలో ముప్పై ఒక్క కుక్కని అలా సాగనంపింది.

ఈ పనిలో ఆవిడకు తోడు జ్యోతిర్మయి. బందరు హైస్కూల్లో తెలుగు టీచరు. కుక్కల ఫొటోలు తీసి, "దత్తతకు సిద్ధం" అని రాసి ఫోన్లో అందరికీ పంపడం ఆవిడ వంతు. పంపకం ఆవిడదైతే పెంపకం గంగాదేవిది. ఆ పెంపకమే వేరు.

పిల్లకి రెండు నెలలు నిండగానే మొదటి పాఠం. కానాగంత చేప పొట్ట చీల్చి, అందులో పచ్చిమిరపకాయల ముద్ద కూరి, పిల్ల ముందు పడేసేది. ఆకలి మీదున్న పిల్ల ఆత్రంగా కొరికేది. అప్పుడు చూడాలి దాని అవస్థ! మూతి ఇసుకలో రుద్దుకుని, గిరగిరా తిరిగి, అరిచి అరిచి గొంతు పోయేది. గంగాదేవి గుండె రాయి చేసుకుని పక్కనే కూర్చునేది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు చేప వాసన తగిలితే చాలు, పిల్ల మొహం తిప్పేసుకునేది.

టీచరుగారు ఒకసారి చూసి కళ్లు తుడుచుకుంది. "ఇది మరీ ఘోరం గంగమ్మగారూ, నోరు మండి చచ్చిపోతుంది పసిది."

"నోట్లో మంట సాయంత్రానికి పోద్దమ్మా. నడుం ఇరిగితే పోదు," అంది గంగాదేవి.

రెండో పాఠం దాని తర్వాత. పిల్లని ఒళ్లో వేసుకుని, చేపకూర కలిపిన ముద్ద దాని మూతి దగ్గర పెట్టి "ఆం" అనేది. మనం పసిపిల్లలకి గోరుముద్దలు పెడుతూ అనే ఆ మాటే. పిల్ల నమ్మేది కాదు. ముడుచుకుపోయేది. "ఆం నాన్నా, ఆం... అమ్మని కదా, మంటుండదు," అని ఓపిగ్గా బతిమాలేది. ఏ రెండో రోజుకో పిల్ల నమ్మేది. ఆ నమ్మకం కుదిరిందంటే ఇక తిరుగుండదు. వంజరం ముక్క పళ్లెంలో పెట్టి ఊరెళ్లిపోయినా ముట్టదు. గంగమ్మ ఆం అందంటే రాయి పెట్టినా నములుతుంది.

కుక్కని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి అప్పగింతలుండేవి. నవ్వకండి, ఆ మాట ఆవిడదే. వచ్చినవాళ్లు పీట మీద కూర్చుని, చేతులు కడుక్కుని, స్వయంగా ముద్ద పెట్టి ఆవిడతో కలిసి ఆం అనాలి. పూటకొకసారి చొప్పున మూడు పూటలు. గుడివాడ నుంచి వచ్చిన డాక్టరు, గుడ్లవల్లేరు కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు, అందరూ ఆ పీట మీద కూర్చుని సిగ్గుపడుతూ ఆం అన్నవాళ్లే. ఆ మాట చేతులు మారితే కానీ కుక్క గుమ్మం దాటేది కాదు.

ఇక పండుగాడి సంగతి. వాడి పూర్తి పేరు పండుగప్ప. ముట్టొద్దని నేర్పిన చేపల పేర్లే కుక్కలకి పెట్టేది, అదో సరదా ఆవిడకి. పాయలో తేలుతున్న సంచి ఒకటి లాగి విప్పితే ఆరు పిల్లలు. ఐదు చచ్చిపోయి ఉన్నాయి. ఆరోదాన్ని తలకిందులుగా పట్టుకుని ఊపితే నీళ్లు కక్కి కుయ్యిమంది. అది వాడు. నల్లగా బొగ్గులా ఉంటాడు, ఎడమ చెవి సగమే ఉంది, తోక మధ్యలో విరిగి పక్కకి తిరిగింది. ఎనిమిది నెలలు ఫొటోలు పంపినా ఒక్కడు అడిగితే ఒట్టు. "దీని మొహం చూస్తే భయమేస్తోంది, ఇంకేమైనా ఉన్నాయా?" అని మాత్రం చాలామంది అడిగారు. దిక్కుమాలిన జనం!

వాడు మాత్రం బంగారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే చేపల చుట్టూ తిరుగుతూ కాకుల్ని తోలేవాడు, ఒక్క పరిగె చేపపిల్లని కూడా ముట్టేవాడు కాదు. గంగాదేవి మధ్యాహ్నం నడుం వాలిస్తే కాళ్ల దగ్గర పడుకుని ఆవిడ నోటి వంకే చూస్తుండేవాడు.

"వీణ్ణి మీరే ఉంచేసుకోరాదూ?" అంది టీచరుగారు.

"ఒకణ్ణి ఉంచుకుంటే ఇంకోడికి చోటుండదమ్మా. ఆరు దాటితే ఊరుకోమని వీధోళ్లు ముందే చెప్పేశారు." అనడమైతే అంది కానీ ఆ పూట తన ముద్ద కూడా వాడికే పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే బోర్లించిన పడవ కింద ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టి, లారీ కింద పడి చచ్చింది. గంగాదేవి ఇంట్లో అప్పటికి మూడు కుక్కలు. ఆ నలుగుర్నీ తేవాలంటే ఒకటి వెళ్లాలి. తేకపోతే వాటికోసం సంచి సిద్ధంగానే ఉంది.

అలాంటి సమయంలో దిగాడు శోభనాద్రి. నాగాయలంక అవతల ఎనిమిదెకరాల చేపల చెరువున్న ఆసామి. తెల్లచొక్కా, కారు. రాగానే మిగతా కుక్కల వంక కన్నెత్తి చూడలేదు.

"చేప ముట్టని కుక్క నీ దగ్గరుందంటగా గంగమ్మా?"

"నా దగ్గరున్నయ్యన్నీ అంతేనండి. ఈడైతే మరీనండి," అని పండుగాణ్ణి చూపించింది.

శోభనాద్రి కారులోంచి తన చేపే ఒకటి తీసి వాడి ముందు పడేశాడు. వాడు మొహం తిప్పుకున్నాడు. మూతికి తగిలేలా పెట్టాడు. వాడు లేచెళ్లి అవతల కూర్చున్నాడు. మూడోసారి చేప పొట్ట చీల్చి పెట్టాడు. వాడు గంగాదేవి వెనకాల దూరాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదీ కుక్కంటే! నాకు కుక్కలు నిలవటం లేదమ్మా. ఏడాదిలో నాలుగు పోయాయి."

"ఎక్కడికి పోయాయండీ?"

ఆయన నవ్వాడు. "ఎక్కడికి పోతాయి! ఆశపోతు ముండలు. గట్టు మీద చేప కనపడితే ఆగవు."

గంగాదేవికి అర్థమైంది ఏమిటంటే, అవి చెరువు చేపలు తిని తన్నులు తిని పారిపోయాయని. మా వాడు అలాంటివాడు కాదని గర్వం కూడా వేసింది. వెంటనే పీట వేసి అప్పగింతల సంగతి చెప్పింది. శోభనాద్రి వాచీ చూసుకున్నాడు.

"మూడు పూటలు కూర్చోడానికి నాకు తీరికెక్కడిదమ్మా? అయినా అది చేప తినకపోవటమే నాక్కావలసింది. ఆ మాట నాకెందుకు? చెరువు దగ్గర మా వెంకటపతి ఉన్నాడు, తిండికేం లోటు చెయ్యడు."

పడవ కింద నాలుగు పిల్లలు ఏడుస్తున్నాయి. వీడిని అడిగిన మనిషి ఎనిమిది నెలల్లో ఈయనొక్కడే. గంగాదేవి పీట తీసి గోడకి చేరేసింది. ఆరేళ్లలో అప్పగింతలు లేకుండా కుక్కని పంపడం అదే మొదలు. కారు వెనకద్దంలోంచి సగం చెవి నిక్కబెట్టి వాడు చూస్తూనే ఉన్నాడు, మలుపు తిరిగేదాకా.

మూడు వారాలు ఎలాగో ఉగ్గబట్టింది. తర్వాత వశం కాలేదు. మాట అప్పగించలేదే, మాట అప్పగించలేదే అని ఒకటే పోరు లోపల. చేపల చెరువు దగ్గర చేప కాక ఏం పెడతారు? ఆం అనేవాళ్లు లేకపోతే వాడెలా తింటాడు? ఓ పొద్దున చేపలు ఆరబోస్తూ ఉండబట్టలేక, శోభనాద్రి రాసిచ్చిన నంబరు పట్టుకుని చెరువు కాపలా మనిషికి ఫోన్ చేసింది.

"వెంకటపతీ, మా పండుగాడెట్టా ఉన్నాడయ్యా? చేప పెడతన్నారా?"

"పెడతన్నాం అక్కా, రోజూ గట్టు మీద చేప పెడతన్నాం." గాలి హోరులో గొంతు తెగి తెగి వస్తోంది. "అస్సలు ముట్టుకోటం లేదక్కా! ఇన్ని రోజుల్లో ఒక్కసారి మూతి పెడితే ఒట్టు..."

లైను పోయింది. మళ్లీ చేస్తే అందుబాటులో లేదంది.

వెంకటపతి ఆ ముక్క సంబరంగా చెప్పాడు. ఆవిడకి మాత్రం ప్రాణం గిలగిలా కొట్టుకుంది. మూడు వారాలు! ఆరబోసిన చేపలు అలాగే వదిలేసి, కుక్కలకి తిండి పెట్టమని టీచరుగారికి ఫోన్లో చెప్పి, కట్టుచీరతో బస్సెక్కేసింది. చేతిలో బువ్వ గిన్నె కూడా లేదని చల్లపల్లి దాటాక గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. అవనిగడ్డలో దిగి బన్ను కొందామనుకుంటే నాగాయలంక బస్సు కదిలిపోతోంది. పరుగెత్తి అదెక్కింది. ఆ బన్ను కొనుంటే ఈ కథ ఉండేది కాదు.

ఆటో దిగి గట్ల మీద నడిచి చెరువు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వెంకటపతి అవతలి గట్టు దగ్గర, డబ్బాల తెప్ప మీద నిలబడి మేత చల్లుతున్నాడు. తూము పక్కన నల్లగా ఏదో కదిలింది. అంతే, ఒక్క దూకున వచ్చి మీదపడ్డాడు పండుగాడు. మొహమంతా నాకాడు, చుట్టూ తిరిగాడు, వంకర తోకతో ఒళ్లంతా ఊపేశాడు. గొలుసైనా లేదు వాడికి. నిజం చెప్పాలంటే కొంగల్ని తరిమి తరిమి కాస్త చిక్కాడు, అంతకన్నా ఏం లేదు. రెండు పూటలా వెంకటపతి తను తినే పెరుగన్నంలోంచి వాడికి పెడుతూనే ఉన్నాడు. కానీ అమ్మ కళ్లకి ఆ పక్కటెముకలే కనపడ్డాయి.

తూము పక్కన అరిటాకు ముక్క మీద బొచ్చె చేప. జానెడు పైనే ఉంది. పండుగాడు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"పిచ్చి సన్నాసీ! ఎదురుగా ఉంచుకుని కడుపు మాడ్చుకుంటన్నావంట్రా?" కళ్లనీళ్లు జలజలా రాలాయి. "నేను ముట్టద్దన్నాననా? ఈ పాపిష్టి ముండ నేర్పినందుకా?"

ముప్పై ఏళ్లు చేపలు అమ్మిన చెయ్యి కదా, ఊరుకోదు. మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. ఒక్క ఈగ వాలలేదు. పొద్దున పట్టిందే, తాజాదే అనుకుంది. ఆకు చుట్టూ నాలుగు ఈగలు చచ్చిపడి ఉన్నాయి. అవీ చూసింది. ఎండకి చచ్చాయనుకుంది.

చేపని వాడి ముందుకు జరిపింది. "ఆం."

వాడు వాసన చూశాడు. వెనక్కి తగ్గాడు. ఆవిడ మొహంలోకి చూసి సన్నగా మూలిగాడు. వాడి ముక్కు వాడికి ఏదో చెబుతోంది.

"అమ్మని కదా నాన్నా! మంటుండదు. ఆం!"

వాడు తన ముక్కుని నమ్మలేదు. ఆవిణ్ణి నమ్మాడు. తల వంచి మొదట మెల్లగా, తర్వాత గబగబా తినేశాడు. పొట్టంతా పోయి, తోకా నడుమూ మిగిలాయి. తినేటప్పుడు మధ్యమధ్య తలెత్తి బాగా తింటున్నానా అన్నట్టు చూశాడు. ఆవిడ వీపు నిమురుతూ నవ్వుతోంది.

అవతలి గట్టు నుంచి కేక వినపడింది. వెంకటపతి తెప్ప వదిలేసి మొలలోతు నీళ్లలో పడుతూ లేస్తూ వస్తున్నాడు.

"అక్కా! ఏం పెట్టావక్కా దానికి?"

"ఇక్కడున్నదేనయ్యా. మీరు పెట్టిందే."

వెంకటపతి గట్టెక్కి ఆకు చూసి తల పట్టుకుని కూలబడ్డాడు. "అది నీటికుక్కలకి పెట్టిందక్కా! చెరువులో పడి చేపలు తినేత్తన్నాయని... పొట్టలో గుళికలు కూరాం!"

గుళికలంటే పురుగు చావడానికి వరిచేలో చల్లే విషం. గంగాదేవికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పోయిన నాలుగు కుక్కలూ ఎక్కడికి పోయాయో అర్థమైంది. చేప ముట్టని కుక్క ఆయనకెందుకో అర్థమైంది.

"మరి ముట్టుకోటం లేదని ఏడిచావుగా ఫోన్లో!"

"ముట్టుకోటం లేదనేగా అక్కా సంతోషంగా చెప్పింది! నీటికుక్కని చంపితే ఫారెస్టోళ్లు కేసు పెడతారని అయ్యగారు ఎవరికీ చెప్పద్దన్నారు..."

ఉప్పునీళ్లు పోశారు. వేళ్లు పెట్టి కక్కించబోయారు. అవనిగడ్డలో పశువుల డాక్టరుకి వెంకటపతి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్లే టైమెక్కడిది? అప్పటికే వాడి నోట్లోంచి సొంగ తాళ్లు కట్టింది, కాళ్లు బిగుసుకుని వణకసాగాయి. చిన్నప్పుడు ముద్దలు తిన్న ఒళ్లోనే పడుకోబెట్టుకుంది. పావుగంట పట్టింది. ఆ పావుగంటా వాడు ఆవిడ నోటి వంకే చూశాడు, ఇంకేదైనా మాట చెబుతుందేమోనని.

శోభనాద్రి కారు దిగేసరికి వెంకటపతి గొయ్యి తవ్వుతున్నాడు. ఆయన ఒకసారి కుక్కని చూశాడు, ఒకసారి ఆవిణ్ణి చూశాడు. కోపంతో మొహం ఎర్రబడింది.

"నిన్నెవరు రమ్మన్నారు? మూడు వారాలు నిక్షేపంలా తిరిగాడు. నేను చంపలేదు గంగమ్మా. నువ్వొచ్చి నీ చేత్తో చంపావు."

అది అబద్ధం కాదు. అదే ఆవిణ్ణి నరికేసింది. మిగిలిన చేపముక్క ఆకుతో సహా తీసుకుని ఆయన మొహం దాకా వెళ్లింది.

"ఆం అనండయ్యగారూ! ఇంకా మిగిలింది. ఆం!"

ఆయన రెండడుగులు వెనక్కి వేసి కండువాతో ముక్కు మూసుకున్నాడు. వెంకటపతి ఆవిణ్ణి పట్టుకుని ముక్క లాక్కుని గోతిలో పడేశాడు. "చేతులు కడుక్కో అక్కా, నీ కాళ్లట్టుకుంటా," అని ఏడ్చాడు. గోతిలో కుక్క, దాని మీద చేప. మట్టి పడ్డాక శోభనాద్రి గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. చేప ముట్టనిది ఇంకోటుంటే చూడు. ఈసారి ఆ ఆం గీం నేర్పమాకు."

గంగాదేవి వచ్చిన గట్టు మీదే వెనక్కి నడిచింది.

పొద్దుగుంకే వేళకి ఇల్లు చేరితే టీచరుగారు గుమ్మంలో కూర్చుని ఉంది. "చిన్నపిల్లలు పాలు తాగాయి. ఈ రెండు పెద్దవే పొద్దుట్నుంచీ చేపకూర ముద్ద ముట్టలేదు. నేను వందసార్లు ఆం అన్నాను, వింటేగా!"

గంగాదేవి జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పింది. చేతులు బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుంది. చేపకూర అన్నం కలిపి, ముందు తనొక ముద్ద తిని, కుక్కల ముందు కూర్చుంది. అవి సొంగ కారుస్తూ ఆవిడ నోటి వంకే చూస్తున్నాయి. టీచరుగారు ఏడుస్తూ, "చెప్పండి గంగమ్మగారూ, ఆకలితో ఉన్నాయి," అంది. తను తిన్న ముద్దకి తనకేమీ కాలేదని తెలియడానికి పావుగంట కూర్చుంది. అప్పుడు ఆం అంది.

తర్వాతి నెలలో పడవ కింది పిల్లలు నలుగురికీ రెండు నెలలు నిండాయి. గంగాదేవి కానాగంతల పొట్టలు చీల్చి, మిరపకాయల ముద్ద ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పొట్టలో కూరడం అంటేనే ఆ గుళికలు గుర్తొచ్చాయి. కూరకపోతే రేవులో గంజి ఉంది, తెడ్డుంది, సంచి ఉంది. కూరింది. మూడు రోజులు ఆ పిల్లలు ఇసుకలో మూతులు రుద్దుకుని ఏడ్చాయి. నాలుగో రోజు నుంచి చేప ముట్టలేదు.

రెండో పాఠం మాత్రం చెప్పలేదు. ఒళ్లో వేసుకోలేదు, బతిమాలలేదు. పెరుగన్నం పళ్లెంలో పెట్టి, వాటి వంక చూడకుండా లేచిపోయింది. ఆ నాలుగిటికీ ఆం అనే మాటే తెలియదు. శోభనాద్రి అడిగింది సరిగ్గా అలాంటి కుక్కనే.